ఎన్నికల కండువాలు, జెండాలు ఆన్‌లైన్‌లో అమ్మడం: నా అనుభవం

ఎన్నికల కండువా టమాటా కన్నా తొందరగా పాడయ్యే సరుకు. 2024లో మన ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న. మే 11 సాయంత్రం 6 గంటలకు ప్రచారం ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం దాకా ఫోన్ మీద ఫోన్ చేసి అడిగిన సరుకు, చీకటి పడేసరికి గుడ్డపేలిక. ఈ పనిలో కుట్టడం, ముద్ర వేయడం నెల రోజుల్లో వస్తాయి. తేదీలూ కాగితాలూ పట్టుకోవడమే అసలు పని. రాయదుర్గంలో కుట్టించి, అనంతపురం నుంచి ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని పంపిన పద్ధతంతా ఇక్కడ రాస్తున్నాను. గుంతకల్లులోనో, ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో నాలుగు మిషన్లు పెట్టుకుని ఇదే పనిలోకి దిగాలనుకునేవాళ్ల కోసం.

ముందు క్యాలెండర్. 2024ను ఉదాహరణగా తీసుకుంటే, మార్చి 16న షెడ్యూల్ వచ్చింది, ఆ నిమిషం నుంచే ఎన్నికల కోడ్. ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25 నామినేషన్లకు చివరి రోజు, 26న పరిశీలన, 29న ఉపసంహరణ గడువు. ప్రతి తేదీకీ అమ్ముడుపోయే సరుకు మారుతుంది. షెడ్యూల్‌కు ముందు టికెట్ ఎవరిదో తేలదు కాబట్టి పార్టీ రంగు, గుర్తు ఉన్న కండువాలే అడుగుతారు, పేరు ఉండదు. ఈ దశలో కుట్టిపెట్టుకున్న సరుకుకు ప్రమాదం తక్కువ, ఏ నియోజకవర్గానికైనా పోతుంది. టికెట్ వచ్చాక పేరు, ఫొటో మొదలవుతాయి. పేరు ముద్రించిన కండువా ఒక్క మనిషికే పనికొస్తుంది. అందుకే పేరు పడే సరుకుకు పూర్తి డబ్బు రానిదే మిషన్ మీద గుడ్డ పెట్టకూడదు.

స్వతంత్ర అభ్యర్థుల ఆర్డర్లు వేరే లెక్క. వాళ్లకు గుర్తు ఖరారయ్యేది ఉపసంహరణ గడువు, అంటే మధ్యాహ్నం 3 గంటలు, దాటాకే. ఏప్రిల్ 29 సాయంత్రం గుర్తు చేతికొస్తే మే 11 సాయంత్రానికి మిగిలింది 12 రోజులు. అందులో కొరియర్‌కు 3 రోజులు తీసేయండి. మేము మే 7తో కొరియర్ బుకింగ్ ఆపేశాం. ఆ తర్వాత ఆర్టీసీ కార్గోలో బస్టాండు నుంచి బస్టాండుకు పంపి, రసీదు ఫొటో పెట్టి, అవతలి మనిషి బస్టాండుకు వచ్చి తీసుకునేటట్టు మాట్లాడుకున్నాం. జిల్లాల మధ్య సరుకు ఒకటి రెండు రోజుల్లో చేరాలంటే మన సీమలో అంతకన్నా నమ్మకమైన దారి నాకు దొరకలేదు.

ఇక గుడ్డ. కండువాకు ఎక్కువగా వాడేది పాలిస్టర్ సాటిన్, పన్నా (గుడ్డ వెడల్పు) 44 అంగుళాలు. అంచు తీసేస్తే 43 మిగులుతుంది. అందులో 14 అంగుళాల చొప్పున మూడు వస్తాయి, రెండు పక్కలా పావు అంగుళం మడత పోతే తయారయ్యే వెడల్పు పదమూడున్నర. పొడవు 74 అంగుళాలకు కోస్తే కుట్టాక 72 వస్తుంది. 100 మీటర్ల తాను నుంచి లెక్క ప్రకారం 53 పొడవులు, 159 కండువాలు రావాలి. తానులో అతుకులు, మరకలు, వంకర కోతలు పోగా 150 చేతికొస్తే మంచి కటింగ్ మాస్టర్ దొరికినట్టే. ధర కట్టేటప్పుడు 150తోనే భాగించండి. 159తో భాగించి రేటు చెప్పినవాళ్లు ప్రతి తానులోనూ తొమ్మిది కండువాలు ఊరికే ఇచ్చినట్టు.

రాయదుర్గంలో పని ఇవ్వడానికి కారణం అక్కడ రెడీమేడ్ దుస్తులు కుట్టే ఇళ్లు ఎక్కువ కావడం. ప్యాంట్లు కుట్టే చేతికి కండువా అంచు చాలా తేలిక. కానీ ఒక సంగతి చూసుకోవాలి. జీన్సు గుడ్డకు వాడిన సూది, దారం బిగువు అలాగే ఉంచి సాటిన్ మీద నడిపితే గుడ్డ ముడుచుకుంటుంది, దారాలు లేస్తాయి. 11వ నంబరు సన్న సూది మార్చి, పైదారం బిగువు తగ్గించి, మొదటి పది కండువాలు చేతిలోకి తీసుకుని చూసిన తర్వాతే మిగతావి కుట్టమనాలి.

ముద్ర. పాలిస్టర్ మీద సబ్లిమేషన్, అంటే కాగితం మీది రంగును వేడితో గుడ్డకు ఎక్కించడం, బాగా పడుతుంది, నూలు మీద పట్టదు. నూలు కండువా అడిగితే స్క్రీన్ ప్రింటింగ్ చేయాల్సిందే, దానికి రంగు ఆరే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి. మా దగ్గరున్న చదును హీట్ ప్రెస్‌లో 72 అంగుళాలు ఒక్కసారిగా పట్టవు. రెండుసార్లు జరిపి వేస్తే మధ్యలో చార కనిపిస్తుంది. కాబట్టి మూడు రంగుల పట్టీలు రోల్ మిషన్ మీద అచ్చయిన గుడ్డనే కొని, రెండు కొసల్లో గుర్తు, పేరు మాత్రం మా ప్రెస్ మీద వేశాం. సుమారు 200 డిగ్రీలు, 40 నుంచి 45 సెకన్లు. వేడి ఎక్కువైతే సాటిన్ మెరుపు పోయి ప్రెస్ పలక ఆకారం మరకలా నిలుస్తుంది. తక్కువైతే రంగు వెలిసినట్టుంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. కండువాను బల్ల మీద పొడవుగా పరిచి రెండు కొసల్లోనూ గుర్తును ఒకే దిక్కుకు వేస్తారు. బల్ల మీద చూస్తే రెండూ సరిగ్గానే ఉంటాయి. మెడలో వేసుకోగానే ఒక పక్క సైకిలో, ఫ్యానో నిలువుగా ఉంటుంది, రెండో పక్క తలకిందులవుతుంది. కొసలు రెండూ కిందికి వేలాడతాయి కదా. రెండు ముద్రలూ బల్ల మీద ఒకదానికొకటి ఎదురు తిరిగి, తల భాగం కండువా మధ్యకు చూస్తూ ఉండాలి. మేము ప్రెస్ పక్కనే ఒక మేకు కొట్టి, ప్రతి కొత్త డిజైన్‌లో మొదటి కండువాను దానికి మధ్యలో తగిలించి చూసేవాళ్లం. గుర్తు తలకిందులైన కండువాను ఏ పార్టీ మనిషీ తీసుకోడు. సభలో ఫొటో పడితే అది ఊరంతా తిరుగుతుంది.

పేర్ల దగ్గర ఇంకో ఇబ్బంది. ఆర్డరు వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో వస్తుంది. డీటీపీ చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పనిచేస్తారు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, ర వత్తు పక్క అక్షరానికి పోతుంది. "కృష్ణ", "చంద్ర", "ప్రభాకర్" వంటి పేర్లు రోజుకు ఒకసారైనా చెడేవి. పేరు ఎట్లా ఉండాలో మనం ఊహించకూడదు. నామినేషన్‌లో, బ్యాలెట్‌లో ఎట్లా ఉంటే అట్లాగే ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదీ అంతే. డిజైన్ పూర్తయ్యాక బొమ్మగా మార్చి పంపి, "అక్షరం అక్షరం చూసి ఓకే అని రాయండి" అని అడిగి, ఆ జవాబును ఆర్డరు నంబరుతో దాచాం. ఫోన్‌లో చెప్పిన "సరే అన్నా, కానీయ్" లెక్కలోకి రాదు.

గుర్తుల బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరికినవి వాడొద్దు. ఎన్నికల సంఘం ఇచ్చే నలుపు తెలుపు గీత బొమ్మనే ఆధారంగా తీసుకోవాలి, ఓటరు ఓటింగ్ మిషన్ మీద చూసేది దాన్నే. గాజు గ్లాసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2024 ఎన్నికలనాటికి అది ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ ఖాయం కాని గుర్తులు) జాబితాలో ఉండటంతో దాని చుట్టూ కోర్టు దాకా వివాదం నడిచింది. జనసేన గుర్తింపు పొందిన పార్టీ అయి ఆ గుర్తు దానికే ఖాయమైంది 2025 జనవరిలో. గుర్తు ఖాయం కాని పార్టీ సరుకును ముందుగా ముద్రించి నిల్వ పెట్టకూడదు, రంగు కండువా మాత్రం కుట్టి ఉంచుకుని కొసలు ఖాళీగా వదిలేయాలి.

ఏది అమ్మాలి, ఏది అమ్మకూడదు అన్నది చాలామందికి తెలియదు. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం టోపీ, మాస్కు, కండువా వంటివి అభ్యర్థి ఖర్చులో చూపిస్తే పంచుకోవచ్చు. చీర, చొక్కా వంటి ఒంటి మీద వేసుకునే ప్రధాన వస్త్రాలు పంచితే ఓటరుకు లంచం కిందికి వస్తుంది. టీషర్టుల ఆర్డర్లలో లాభం ఎక్కువ, ఒక్క ఆర్డరుతో నెల గడిచిపోతుంది. అయినా కోడ్ అమల్లో ఉన్నంతకాలం గుర్తు ఉన్న టీషర్టుల టోకు ఆర్డర్లు మేము తీసుకోలేదు, మీరూ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. పట్టుబడితే కొన్నవాడితోపాటు సరుకూ పోతుంది, కేసులో మన బిల్లు నంబరు కూడా ఉంటుంది.

జెండాల కొలతల్లోనూ నియమం ఉంది. బైకుకు ఒక్క జెండా, అడుగు పొడవు, అరడుగు వెడల్పు దాటకూడదు. కార్లు, ఆటోలకు 3 అడుగులు, 2 అడుగులు. రోడ్‌షోలో చేత్తో పట్టుకునే బ్యానర్ 6 అడుగులు, 4 అడుగులు. మా కేటలాగులో ఈ మూడు కొలతలే పెట్టి, పక్కనే "బైకుకు", "కారుకు", "రోడ్‌షోకు" అని రాశాం. అంతకన్నా పెద్దది అడిగితే సభా వేదికకు, పార్టీ ఆఫీసుకు మాత్రమేనని చెప్పి ఇచ్చాం. కొన్నవాళ్లకు ఇది మేలు చేసింది. రోడ్డు మీద జెండా పీకించుకుంటే ఆ కోపం అమ్మినవాడి మీదికే వస్తుంది. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ జెండాలు, బెలూన్లకు ప్లాస్టిక్ పుల్లలు, 100 మైక్రాన్ల కన్నా పల్చని పీవీసీ బ్యానర్లు నిషేధం. పాత నిల్వ చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. జెండాకు వెదురు పుల్లే మేలు. కొనను రాపిడి కాగితంతో నున్నగా చేయించాలి, లేదంటే పార్సిల్‌లోనే గుడ్డను చీలుస్తుంది.

కరపత్రాలు, పోస్టర్లు కూడా కలిపి ఇవ్వమని అడుగుతారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 127-ఎ సెక్షన్ చదవకుండా ఆ పని ఒప్పుకోకూడదు. కాగితం మీద ముద్రాపకుడి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా రెండూ ఉండాలి. ముద్రించడానికి ముందే ప్రచురణకర్త తానెవరో తెలిపే ప్రకటన మీద సంతకం చేసి, తనను ఎరిగిన ఇద్దరితో సాక్షి సంతకాలు చేయించి, రెండు ప్రతులు ఇవ్వాలి. ముద్రించాక ఒక ప్రకటన ప్రతి, కరపత్రం కాపీలు ఏ జిల్లాలో ముద్రించామో ఆ జిల్లా కలెక్టరుకు చేరాలి. ముద్రించిన 3 రోజుల్లోగా 4 కాపీలు పంపాలని ఎన్నికల సంఘం చెబుతుంది. తప్పితే 6 నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆన్‌లైన్ వ్యాపారంలో ఇది చిక్కు పెట్టే చోటు. అభ్యర్థి కర్నూలు జిల్లాలో ఉంటాడు, ముద్రణ అనంతపురంలో. సంతకం పెట్టిన ప్రకటనను ఫోన్‌లో ఫొటో తీసి పంపి "పని మొదలుపెట్టన్నా" అంటారు. ఫొటో చూసి డిజైన్ చేయొచ్చు, ప్లేటు వేయొద్దు. అసలు కాగితాలు బస్సు పార్సిల్‌లో వచ్చాకే ముద్రణ అని ఆర్డరు ఫారంలోనే రాసిపెట్టాం. ఒక రోజు ఆలస్యమవుతుంది, అయినా ఫర్వాలేదు. కాపీలు అందజేయాల్సింది మన అనంతపురం కలెక్టరేట్‌లోనే కానీ అభ్యర్థి జిల్లాలో కాదన్నది కూడా చాలామంది పొరబడే విషయం. కండువా ఈ సెక్షన్ కిందికి రాకపోయినా, స్టిక్కర్, పాకెట్ క్యాలెండర్, ప్లకార్డు వంటి కాగితపు సరుకంతటికీ మేము ఇదే పద్ధతి పాటించాం.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, బిల్లు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చే రోజు దాకా పెట్టిన ప్రతి రూపాయీ పద్దులోకి రావాలి. కాబట్టి ఫోన్‌లో మొదట వినిపించే మాట ఇదే: "అన్నా, సరుకు రెండు వేలు పంపు, బిల్లు మాత్రం ఐదొందలకే రాయి." దానికి మేము ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాం. "సరుకు ఎంత పోతే బిల్లు అంతే అన్నా. దారిలో ఆపితే ఎంచేది సరుకును, చూసేది బిల్లును. తేడా వస్తే నిలబడేది నీ మనిషే." ఈ మాటతో పదిమందిలో నలుగురు ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి. మిగిలిన ఆరుగురితో చేసిన వ్యాపారానికి నిద్ర పడుతుంది.

అభ్యర్థి ఎన్నికల కోసం ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక మనిషికి ఇచ్చేది 10,000 రూపాయలు దాటితే చెక్కు ద్వారానో, బ్యాంకు నుంచి బ్యాంకుకో చెల్లించాలి. అందువల్ల ఐదారు ఫోన్ల నుంచి 9,500 చొప్పున యూపీఐ పంపుతామంటారు. ఎవరి పేరు మీద బిల్లో ఆ పేరున్న ఖాతా నుంచే డబ్బు రావాలని మొదటి మెసేజ్‌లోనే చెప్పండి. మూడో మనిషి ఖాతా నుంచి వస్తే తిరిగి పంపేశాం. పార్టీ కొంటే పార్టీ పేరుతో, అభ్యర్థి కొంటే అభ్యర్థి పేరుతో, మామూలు అభిమాని పది కండువాలు కొంటే అతని పేరుతో. ప్రతి జిల్లాలో ఎన్నికల అధికారి కండువాకు, జెండాకు, టోపీకి, టీకి, కుర్చీకి రేట్ల జాబితా ప్రకటిస్తారు. పరిశీలకులు అభ్యర్థి ఖర్చును దానితో సరిచూస్తారు. మన బిల్లు రేటు దానికన్నా బాగా తక్కువ ఉంటే అభ్యర్థి ఏజెంటును వివరణ అడుగుతారు, అతను మనల్ని అడుగుతాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, ధర్మవరం, హిందూపురం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అక్కడి జాబితా వేరు, అనంతపురం జాబితా వేరు. కొనేవాళ్లు ఇప్పటికీ చిరునామాలో అనంతపురం జిల్లా అనే రాస్తారు, నియోజకవర్గం అడిగి మరీ రాసుకోవాలి.

జీఎస్టీ సంగతి కొంచెం. ముక్క ధర తక్కువ కాబట్టి కండువాకు, జెండాకు 5 శాతం. కొన్నవాళ్లకు జీఎస్టీ నంబరు లేకపోయినా బిల్లు విలువ 50,000 చేరితే పేరు, చిరునామా తప్పనిసరి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. పెద్ద ఆన్‌లైన్ అంగడి ద్వారా అమ్మితే వాళ్లు మనకిచ్చే డబ్బులోంచి ముందే జీఎస్టీ టీసీఎస్ అనే పన్ను పట్టుకుంటారు, 2024 జులై 10 నుంచి అది 1 శాతం నుంచి అర శాతానికి తగ్గింది. ఆదాయపు పన్ను కింద వాళ్లు పట్టుకునేది 2024 అక్టోబరు 1 నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. ఈ రెండూ మన పోర్టల్ ఖాతాల్లో జమ కనిపిస్తాయి, క్లెయిమ్ చేసుకోవడం మరిచిపోతే మన డబ్బే అక్కడ పడి ఉంటుంది.

రోడ్డు మీద తనిఖీలు. షెడ్యూల్ రాగానే ఫ్లయింగ్ స్క్వాడ్లు తిరుగుతాయి, నోటిఫికేషన్ నుంచి స్థిర నిఘా బృందాలు చెక్‌పోస్టుల్లో ఉంటాయి. రాయదుర్గం నుంచి బళ్లారి వైపు పోయే దారి రాష్ట్ర సరిహద్దు కాబట్టి అక్కడ తనిఖీ గట్టిగా ఉంటుంది. నియమాన్ని జాగ్రత్తగా చదవండి. అభ్యర్థినో, ఏజెంటునో, పార్టీ కార్యకర్తనో, ఎన్నికల సామగ్రినో తీసుకెళ్లే వాహనంలో 50,000 రూపాయలకు మించి నగదు దొరికినా, ఓటర్లకు పంచే అవకాశమున్న 10,000 రూపాయలకు మించిన కానుకలు దొరికినా స్వాధీనం చేసుకోవచ్చు. కండువాల మూటలున్న బండిలో ఎవరు ఎక్కారన్నదీ, డబ్బు ఎంతుందన్నదీ అక్కడే తేలిపోతాయి. కాబట్టి సరుకు బండిలో పార్టీ మనుషులను ఎక్కించుకోవద్దు. వేరేచోట వసూలు చేసిన డబ్బు అదే బండిలో తేవద్దు. డ్రైవరు దగ్గర డీజిల్‌కు, భోజనానికి సరిపడా మాత్రమే ఉండాలి. బిల్లు రెండు ప్రతులు, ఈ-వే బిల్లు, ఆర్డరు మెసేజ్ ప్రింటు, డబ్బు వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ, ఈ నాలుగూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్రైవరు సీటు దగ్గర ఉంచండి. బిల్లులో "సాటిన్ కండువా, గుర్తు ముద్రించినది" అని ఉన్నదున్నట్టు రాయాలి. "వస్త్రాలు" అని దాచి రాస్తే మూట విప్పగానే అనుమానం వస్తుంది.

పట్టుకుంటే గొడవ పడొద్దు. స్వాధీన రసీదు తీసుకోవాలి, అందులో సరుకు లెక్క సరిగ్గా ఉందో లేదో అక్కడే ఎంచుకోవాలి. ప్రతి జిల్లాలో ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. జిల్లా పరిషత్ సీఈవో, ఎన్నికల ఖర్చుల నోడల్ అధికారి, జిల్లా ఖజానా అధికారి, ఈ ముగ్గురూ సభ్యులు. ఎఫ్ఐఆర్, ఫిర్యాదు ఏవీ లేకపోతే, లేదా పట్టుకున్నదానికి అభ్యర్థితోనో పార్టీతోనో ముడి లేకపోతే, కాగితాలు చూసి విడుదల చేస్తారు. పని జరిగేది కాగితాలతోనే, ఎవరితోనో చెప్పించడంతో కాదు. మాకు ఆగిన సరుకు మూడో రోజు చేతికొచ్చింది, పైన చెప్పిన నాలుగు కాగితాలే కారణం.

ఆన్‌లైన్ ప్రకటనల్లో కూడా రాజకీయం అడ్డొస్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో నాయకుడి ఫొటోతో కండువా ప్రకటన పెడితే అది రాజకీయ ప్రకటన కింద పడుతుంది. ప్రకటన ఇచ్చేవాళ్లు గుర్తింపు పత్రాలతో అనుమతి తీసుకుని, ఎవరు డబ్బు కట్టారో చూపించాలి. లేదంటే తిరస్కరిస్తారు, రెండు మూడుసార్లు పడితే ప్రకటనల ఖాతానే నిలిచిపోవచ్చు. మేము ప్రకటనలో రంగు గుడ్డ, కొలత, కుట్టు దగ్గరి ఫొటో మాత్రమే పెట్టాం. గుర్తు, ఫొటో ఉన్న నమూనాలు వాట్సాప్ బిజినెస్ కేటలాగులో, అడిగినవాళ్లకే. ప్రచారం ముగిసే గంట నుంచి అన్ని ప్రకటనలూ ఆపేశాం.

క్యాష్ ఆన్ డెలివరీ అసలు పెట్టొద్దు. మామూలు చొక్కా తిరిగొస్తే మళ్లీ అమ్ముకుంటాం. మే 7న పంపిన కండువాల పెట్టె తీసుకోకుండా వెనక్కి పంపితే అది మన చేతికొచ్చేది పోలింగ్ అయ్యాకే. ఆర్డరుతో సగం, ప్యాకింగ్ ఫొటో చూపించాక మిగతా సగం, అప్పుడే పంపడం. పేరు పడే సరుకుకు మొత్తం ముందే.

ప్యాకింగ్‌లో రెండు విషయాలు. ఒకటి, ఘనపరిమాణపు బరువు. సాటిన్ కండువా సుమారు 50 గ్రాములు, 100 కండువాలు 5 కిలోలు. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, ఏది ఎక్కువైతే దానికే చార్జి. 45, 35, 30 పెట్టెలో వదులుగా వేస్తే 9.45 కిలోల చార్జి పడింది. అదే సరుకును తాడుతో బిగించి 40, 30, 20 పెట్టెలో పెడితే 4.8 వస్తుంది, అసలు బరువు 5 కిలోలకే కడతాం.

రెండోది మన ఊళ్లలో ఇంకా ముఖ్యం. ఒక పార్టీ కట్టలో పక్క పార్టీ కండువా ఒక్కటి పడినా దాన్ని పొరపాటని ఎవరూ నమ్మరు. అన్ని పార్టీలకూ అమ్మే చోట ఇది ఎప్పుడైనా జరగొచ్చు. ఒక పూటకు ఒకే పార్టీ సరుకు బల్ల మీద ఉండాలని పెట్టుకున్నాం. పని అయ్యాక బల్ల కింద, మిషన్ కింద ఊడ్చి, తునకలు గోనెలో కట్టి బయట పెట్టాకే రెండో రంగు లోపలికి. ఎంచేటప్పుడు కండువాలను పది పది చొప్పున విసనకర్రలా విప్పి, రెండు కొసలూ కంటితో చూసి కట్ట కట్టాలి. తూకంతో లెక్క తేలుతుంది కానీ రంగు తెలియదు. పెట్టె పైన పార్టీ పేరు, గుర్తు ఏవీ లేకుండా ఆర్డరు నంబరు మాత్రమే. దుకాణం బోర్డు మీద ఒక పార్టీ కండువా వేలాడదీస్తే రెండో పార్టీవాళ్లు గడప తొక్కరు. ఆన్‌లైన్‌లో అమ్మడం వల్ల మాకు కలిగిన అసలు మేలు ఇదే. తాడిపత్రి అయినా, ఉరవకొండ అయినా, ఎవరు ఎవరి దగ్గర కొన్నారో పెట్టె చెప్పదు, మేమూ చెప్పం. ఒకరి ఆర్డరు ఎంతో ఇంకొకరు అడిగితే ఎంత దగ్గరివాళ్లయినా జవాబు ఇవ్వకూడదు.

పంచాయతీ ఎన్నికలకు ఈ లెక్క చాలావరకు మారుతుంది. సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చే గుర్తులే. 2021 ఫిబ్రవరిలో 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగాయి. ఆర్డర్లు చిన్నవి, యాభై, వంద. గడువు రోజుల్లో ఉంటుంది, కొరియర్‌కు సమయమే లేదు. అక్కడ ఖాళీ రంగు కండువాలు, చిన్న స్టిక్కర్లు, అదే రోజు చేరే దూరం ఉంటేనే గిట్టుబాటు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికల్లో మాత్రం పార్టీ గుర్తులే కాబట్టి పెద్ద ఎన్నికల్లో మిగిలిన గుర్తు సరుకు, పేరు లేనిదైతే, వాటికి పనికొస్తుంది. చెమ్మ తగలకుండా, పసుపు, తెలుపు రంగులను నల్ల కవరులో విడిగా పెట్టి దాచాలి. గుర్తు వేయని కాషాయం, పసుపు కండువాలు హనుమజ్జయంతికి, జాతరలకు, వినాయక చవితికి వెళ్లిపోతాయి. అందుకే కొసలు ఖాళీగా ఉన్న నిల్వే ఎక్కువ పెట్టుకోమంటాను.

ఫలితాలతో పని అయిపోదు. అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఖర్చు లెక్క అప్పగించాలి. జూన్ 4న ఫలితాలొచ్చాయి కాబట్టి జులై 4 దాకా ఏజెంట్ల ఫోన్లు వస్తూనే ఉన్నాయి, బిల్లు పోయింది, మళ్లీ ఇవ్వమని. కొత్త నంబరుతో బిల్లు రాయకూడదు. పాత నంబరు, పాత తేదీ, పాత మొత్తంతో, పైన "డూప్లికేట్" అని ముద్ర వేసి ఇవ్వాలి. అందుకే ప్రతి ఆర్డరుకూ ఒక అట్ట ఫైలు పెట్టాం. అందులో ఓకే చెప్పిన డిజైన్, ఆర్డరు మెసేజ్, బిల్లు, డబ్బు వచ్చిన ఆధారం, పార్సిల్ రసీదు, కాగితపు సరుకైతే 127-ఎ ప్రకటన ప్రతి, కలెక్టరేట్‌లో ఇచ్చినట్టు తీసుకున్న స్టాంపు. ఫైలు అట్ట మీద పార్టీ పేరు రాయలేదు, నియోజకవర్గం, ఆర్డరు నంబరు రాశాం. ఎన్నికల పిటిషన్ వేయడానికి ఫలితం నుంచి 45 రోజుల గడువుంటుంది, జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. ఆ అట్ట ఫైళ్లన్నీ ఇప్పుడు గుడ్డ తానుల పక్కనే, చెదలు పట్టకుండా ఇనుప బీరువాలో ఉన్నాయి.